నవ్వెత్తుకునే మనిషి

ఆ గురువారం సాయంత్రం టీవీలోంచి కత్తెరమ్మ గొంతు వచ్చింది. టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఫోను చెవికి ఆనించుకున్నదీ కత్తెరమ్మే. ఇక్కడ అన్న మాట కాస్త ఆలస్యంగా అక్కడ వినిపిస్తోంది. పక్క వాటాల వాళ్ళు గుమ్మంలో గుమిగూడారు. మెట్ల మీద రోజూ తమని తిట్టే గొంతు ఇప్పుడు టీవీ వాళ్ళని తిడుతుంటే వాళ్ళకి అదో గొప్పగా ఉంది. వంటింట్లో కోడలు గిన్నెలు తోముతోంది. మొదటి మాటలకి తోముతూనే ఉంది. ఆ తరవాతి మాటకి చెయ్యి ఆగింది. కుళాయి ఆగలేదు. నీళ్ళు గిన్నె నిండి, పొర్లి, ఆమె మోచేతుల దాకా తడిపేశాయి... ఆమెకి తెలియలేదు.

"మీ సీరియల్లో వెనకనుంచి నవ్వుతారే, వాళ్ళల్లో ఒకతుంది," అంటోంది అత్తగారు. "అందరికన్నా ముందు నవ్వుతుంది. మెట్ల మీంచి గిన్నెలు దొర్లినట్టు నవ్వుతుంది. నాకు కళ్ళు సరిగా ఆనవు బాబూ, నేను చెవులతో చూస్తాను. ఆ నవ్వు చెవిన పడితే మిగతా మాటలన్నీ చచ్చిపోతాయి. ముందు దాన్ని బయటికి పంపండి. సగం బాగుపడతారు."

సీరియల్‌కి ముందు ప్రేక్షకుల ఫోన్లు తీసుకునే మైకాయన పళ్ళన్నీ బయటపెట్టాడు. పెద్దమ్మగారి మాట సీరియల్ తీసే పెద్దసారు చెవిన తప్పకుండా వేస్తానన్నాడు. గుమ్మంలో జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి వాళ్ళకి పెద్ద కారణం అక్కర్లేదు.

ఆ నవ్వు కోడలిది.

ఆ సంగతి ఇంట్లో ఒక్క మొగుడికే తెలుసు. మొగుడు బస్సు డ్రైవరు. బస్సు తప్ప బతుకులో ఇంకేదీ నడపలేని మనిషి. తల్లి పక్కన కూర్చుని ఇదంతా విన్నాడు. వంటింటి వైపు ఒకసారి చూశాడు. చూసి, చెప్పులు సరిచేసుకునేవాడిలా కిందికి వంగాడు. అలా వంగినవాడు సీరియల్ మొదలయ్యేదాకా లేవలేదు.

అత్తగారికి కత్తెరమ్మ అని పేరు పెట్టింది వాటాల వాళ్ళే. వయసంతా కుట్టుపనే చేసింది. కోట్లూ గౌన్లూ పరదాలూ, ఎవరు ఏది తెచ్చినా కుట్టింది. మొగుడు పోయాక ఆ మిషను మీదే కొడుకుని పెంచింది. కళ్ళలో పొర కమ్మి, సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చాక మిషను మీద గుడ్డ కప్పేసింది. చేతిలో కత్తెర పోయింది, నోట్లో కత్తెర మిగిలింది. దానికి కొయ్యడానికి ఏదో ఒకటి కావాలి కదా. టీవీ దొరికింది.

మంగళవారం ఆఫీసు కామెడీ వస్తుంది. గురువారం ఇంటి కామెడీ వస్తుంది. ఆఫీసు కామెడీని ఆమె లెక్కలోకే తీసుకోదు. ఆ ఆఫీసులో ఒక్కడూ పని చెయ్యడు, ఒకడి బల్ల మీద ఒకడు కూర్చుని కాఫీ తాగుతూ ప్రేమించుకుంటారు, వీళ్ళకి జీతాలిచ్చే వెర్రిబాగులవాడెవడో కనుక్కోండి అంటుంది. మొన్నీమధ్య భాగంలో ఆఫీసరు బల్లకింద దాక్కుంటే అందరూ కలిసి అతన్ని వెతకడంతోనే అరగంట గడిపేశారు. వాడు బల్లకింద ఉన్నట్టు కళ్ళు లేని నాకు కనిపించింది, కళ్ళున్న ఆ మందకి కనిపించలేదు అంది. దాంతో ఆ సీరియల్ పని సరి.

గురువారం కామెడీ అలా కాదు. అది ఆమె సొంత ఆస్తి. ఒకప్పుడు నిజంగానే బాగుండేది. గొడుగులు బాగుచేసే ముసలి మొగుడూ పెళ్ళామూ... కింద కొట్టు, పైన ఇల్లు. రెండు రోజులుండి పోతానని వచ్చి, ఇక కదలని బావమరిది. అంతే కథ. ఆ ముసలాయన విరిగిన గొడుగు విప్పుతూ ఒక మాట అంటే, మిషను తొక్కుతున్న కత్తెరమ్మ కాలు ఆపేసి వినేది. తరవాత ఆ వేషం వేసినతను మానేశాడు. ముసలాయన ఎటు పోయాడో చెప్పకుండా, ఆ కుర్చీలో డబ్బున్న మేనల్లుడినొకడినీ, ఒక కుక్కనీ తెచ్చి కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ ఆమెకి ఆ సీరియల్ అంటే కసి. మానేస్తుందా అంటే మానదు. మనసుపడిన మనిషి చెడిపోతే, ఉమ్మడానికైనా రోజూ ఆ గుమ్మం ముందునుంచే నడిచేవాళ్ళు కొందరుంటారు. ఈమె ఆ రకం.

బావమరిది లిఫ్టులో ఇరుక్కున్న భాగం వచ్చింది. మొదలు నుంచి చివరిదాకా లిఫ్టే. లిఫ్టు కదల్లేదు, కథా కదల్లేదు, నేనొక్కదాన్నే లేచి మంచినీళ్ళు తాగొచ్చాను అంది. ఆ తరవాతి వారం అందరూ సోఫాలో కూర్చుని పాత సంగతులు తలుచుకున్నారు, తలుచుకున్నదల్లా పాత భాగాల్లోంచి తీసి చూపించారు. పాత కోటు లోపలి వైపు పైకి తిప్పి కుట్టి కొత్తదని అంటగడుతున్నారు, ఈ పని మా రోజుల్లో రాత్రిపూట సిగ్గుపడుతూ చేసేవాళ్ళం అంది. తరవాత మేనల్లుడికి కవల తమ్ముడు దిగాడు. కథ రాసేవాడికి ఏమీ తోచకపోతే ఒకణ్ణి ఇద్దర్ని చేస్తాడు, ఒకణ్ణే భరించలేకపోతుంటే... అంది. ఇక పక్కింటి పిల్ల పెళ్ళి. అది మూడుసార్లు పీటల దాకా వచ్చి ఆగింది. నాలుగోసారి కుక్క ఉంగరం మింగింది. "ఆ ఇంట్లో నటన తెలిసింది ఆ కుక్కకొక్కదానికే. అదైనా ఆ పెళ్ళి ఆపి పుణ్యం కట్టుకుంది," అంది.

ఈ మాటలన్నీ కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వినేది. మొహం రాయి చేసుకుని వినేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి నవ్వింది. తిండి దగ్గర కొడుకు గురించి అత్తగారు ఏదో విసిరితే, ఆపుకోలేక పక్కున నవ్వింది. అంతే. నా కొడుకుని చూసి నవ్వే మొనగత్తెవా నువ్వు అని మొదలుపెట్టి, ఆమె పుట్టింటి వాళ్ళ పళ్ళవరస దాకా వెళ్ళింది అత్తగారు. ఆ రోజునుంచీ కోడలికి ఆ ఇంట్లో నవ్వు రాలేదు. రాలేదనడం తప్పు. వచ్చేది. గొంతు దాకా వచ్చేది. అక్కడ పట్టి మింగేది. మింగీ మింగీ ఛాతీలో ఏదో బరువు పేరుకున్నట్టుండేది. ఆ ఇంట్లో ఆమెకేం లోటు అని అడిగితే ఎవరూ చెప్పలేరు. కొట్టేవాళ్ళు లేరు. తిండికి లోటు లేదు. అయినా ఒక మనిషి ఒక ఇంట్లో అన్నేళ్ళు నవ్వకుండా బతికింది... దాన్ని కష్టమని ఎవరూ అనలేదు.

టీవీ వాళ్ళ స్టూడియోకి ఆమె మొదట వెళ్ళింది బట్టలు ఇచ్చి రావడానికే. అత్తగారు చివరగా కుట్టిన వేషాల మూట. మూట దించి వస్తుంటే ఒక చీకటి హాలు తలుపు తీసి ఉంది. లోపల మెట్లు మెట్లుగా కుర్చీలు, వాటిలో పాతికమంది దాకా మనుషులు, పైన వేలాడే మైకులు. ఎదురుగా తెర మీద సీరియల్ ఆడుతోంది. తెర కింద ఒక సన్నపాటి మనిషి నిలబడి వేలు ఎత్తితే వీళ్ళు కొంచెం నవ్వాలి, అరచెయ్యి ఎత్తితే గట్టిగా నవ్వాలి, పిడికిలి పడితే ఆపాలి. ఆయన్ని మేస్త్రి అంటారు. ఆ రోజు అరచెయ్యి ఎంతసేపు ఎత్తినా జనం నోళ్ళు లేవడం లేదు. తెరమీద బావమరిది లిఫ్టులో ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడిన కోడలికి అంతకుముందు వారం సీరియల్ చూస్తూ అత్తగారు అన్న మాటొకటి గుర్తొచ్చింది. గొంతులోకి వచ్చింది. ఇక్కడ మింగాల్సిన పని లేదు. బయటికి వచ్చేసింది. అదేం నవ్వో... అన్నేళ్ళ బాకీ అంతా ఒక్కసారి తీర్చుకున్న నవ్వు. పాతికమందికీ అంటుకుంది. మేస్త్రి పిడికిలి పట్టినా ఆగలేదు.

నవ్వు ఆవులింత లాంటిది. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. ఎత్తుకునే మనిషి దొరకడమే కష్టం. మేస్త్రి ఆమెని ఆ రోజే ముందు వరసలో మొదటి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇంట్లో మాత్రం స్టూడియోలో బట్టలు కుట్టే గదిలో పని దొరికిందని చెప్పింది. అలా చెప్పమన్నది మొగుడే. ఎందుకంటే సీరియల్లో వెనక నవ్వులు కిరాయి నవ్వులని ఎవరో చెప్పినప్పుడు కత్తెరమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. ఒళ్ళు వంచి కష్టపడలేనివాళ్ళు పళ్ళు అమ్ముకుంటున్నారా అంది. ఆ మాట విన్నాక ఎవరు చెప్పగలరు? అత్తగారేమో కోడలు తన దగ్గర నేర్చుకున్న కుట్టుతో నిలబడిందని మెట్ల మీద చెప్పుకునేది. నోటితో మెచ్చుకోదు. కాని చెప్పుకునేది.

ఆ శుక్రవారం పొద్దున కోడలు పనికి వెళితే మొదటి కుర్చీలో వేరే మనిషి కూర్చుని ఉంది. గొంతు ఈలలా ఉండే ఒక పిల్ల. మేస్త్రి ఆమెని తలుపు బయటే ఆపాడు. ఆయన మొహం చూస్తేనే తెలిసింది. సీరియల్ చూసేవాళ్ళు తగ్గిపోతున్నారట. ఎందుకని పైవాళ్ళు పెద్దసారుని నిలదీస్తున్నారట. కథ రాసేది పెద్దసారు బావమరిది. మేనల్లుడి వేషం వేసేది పెద్దసారు కొడుకు. కుక్క కూడా వాళ్ళింటిదే. ఇక తప్పు ఎవరి మీద వెయ్యాలి? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నిన్న రాత్రే, ఎవరో ముసలావిడ ఫోనులో చెప్పింది విన్నారా, అంతా ఆ నవ్వువల్లే అన్నాడట. పైవాళ్ళు తలూపారట. తలూపడం పైవాళ్ళ ఉద్యోగం.

ఆ ముసలావిడ ఎవరో మేస్త్రికి తెలీదు. ఎవరమ్మా ఆవిడ, నోరా అది అన్నాడు.  కోడలు, కుర్చీలో వేసుకునే తన మెత్త ఆయన చేతిలోంచి తీసుకుని బయటికి నడిచింది. బస్సులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. జీతం పోయినందుకు కొంత. అది అందరూ ఏడ్చే ఏడుపే. మిగిలిందంతా ఆ కుర్చీ కోసం. ఈ లోకంలో తను నవ్వగలిగిన చోటు అదొక్కటి... అదీ పోయింది. పోగొట్టింది ఎవరని అడిగితే, తనని నవ్వించిన మనిషే.

మధ్యాహ్నం వేళకి ఇంటికి చేరింది. మొగుడికి ఆ రోజు సాయంత్రం డ్యూటీ, తింటున్నాడు. అడుగుల చప్పుడు విని అత్తగారు, వేళకాని వేళ ఏమిటీ రావడం అని అడిగింది. పని లేదన్నారని చెప్పింది. ఈ రోజుకా అంటే, ఇక లేదన్నారంది. అంతే. కత్తెరమ్మ కుర్చీలోంచి లేచింది. కుట్టుకి వంకపెట్టి ఉంటారని ఆమె అనుకుంది. తన చేతికింద నేర్చుకున్న కుట్టుకి వంకపెట్టే మొనగాడెవడో చూస్తానంది. ఆ స్టూడియో వాళ్ళ పరదాల్లో సగం తను కుట్టినవేనంది. చెప్పులెక్కడరా అని కొడుకుని అడిగింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది కూడా. కొడుకు ముద్ద చేత్తో పట్టుకుని అమ్మా అమ్మా అంటున్నాడు, ఆ తరవాత ఏమనాలో అతనికి తెలీదు. అత్తగారు నిజంగా వెళ్ళి ఆ గది ముందు నిలబడి కుట్టు గురించి పోట్లాడితే, ఈవిడెవరని వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు కోడలు తలుచుకోలేకపోయింది. వెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"కుట్టు కాదత్తయ్యా. నాకు కుట్టుపని ఎప్పుడూ లేదక్కడ. నవ్వే పని."

అత్తగారు నిలబడిపోయింది.

"నిన్న మీరు ఫోనులో చెప్పిన మనిషిని నేనే."

 డ్రైవరు ముద్ద నోట్లో పెట్టుకోవడమా పళ్ళెంలో పెట్టడమా తేల్చుకోలేకపోయాడు.

"నువ్వు నవ్వగా నేను ఎప్పుడూ వినలేదే," అంది చివరికి అత్తగారు.

"ఒకసారి విన్నారు. మళ్ళీ వినిపించే ధైర్యం నాకు లేకపోయింది."

అత్తగారు వెనక్కి తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. తిడుతుందని కొడుకు అనుకున్నాడు. కోడలూ అనుకుంది. ఆమె అడిగింది మాత్రం వేరే సంగతి.

"ఆ దిక్కుమాలిన సీరియల్‌కి నీకు నవ్వెలా వచ్చేదే?"

"దానికెవరు నవ్వుతారత్తయ్యా... నాకేం ఖర్మ. మీరన్న మాటలు తలుచుకునేదాన్ని."

ఇక ఆమె ఆగలేదు. కవలలొచ్చినప్పుడు మీరేమన్నారు, ఆ తరవాతి భాగం నవ్వులన్నీ ఆ మాటవే. కుక్క ఉంగరం మింగినప్పుడు మీరేమన్నారు, ఆ మాటతో రెండు వారాలు లాక్కొచ్చాను. మేనల్లుడు పాట పాడిన రోజున, వీడి గొంతు కన్నా మన మిషను చక్రం నూనె లేనప్పుడే నయమన్నారు, మర్నాడు అది తలుచుకుని నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారిపోయాను, మేస్త్రి మంచినీళ్ళు పట్టాడు... ఒక్కొక్కటే చెబుతూ ఏడ్చింది. గురువారం ఇక్కడ విన్నది మింగి దాచుకుని, వారమంతా అక్కడ ఖర్చుపెట్టుకున్నానంది. ఆ నవ్వంతా మీదేనత్తయ్యా, మీకే గిన్నెలు దొర్లినట్టు వినిపించింది అంది. అందులో నిష్ఠూరం ఉంది. నిష్ఠూరమే కాదు, ఇంకేదో కూడా ఉంది. అన్నేళ్ళుగా ఆ అత్తగారి మాటల్ని అంత శ్రద్ధగా విని, ఒక్కటీ పోకుండా దాచుకున్న మనిషి ఇంకొకరు లేరు. కన్న కొడుకు వినలేదు. చప్పట్లు కొట్టిన జనం మర్నాటికి మరిచిపోయారు.

కత్తెరమ్మ ఆ పూట తినలేదు. ఆ వారమంతా మాట్లాడలేదు. మంగళవారం టీవీ పెట్టమనలేదు. వాటాల వాళ్ళు మెట్ల మీద తిట్లు లేక తోచనట్టు తిరిగారు. మిషను మీది గుడ్డ తీసి, చక్రం మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. కోడలికి భయం వేసింది. తిట్టినా బాగుండేది అనుకుంది.

గురువారం సాయంత్రం ఆమె ఫోను అడిగింది. మైకాయన గొంతు గుర్తుపట్టి పొంగిపోయాడు. పోయినవారం ఈమె తిట్లకి చూసేవాళ్ళు పెరిగారట. ఈ వారం ఎవరిని ఉతుకుతారు పెద్దమ్మగారూ అన్నాడు. గుమ్మంలో జనం మళ్ళీ చేరారు. వినోదం ఊరికే దొరికే చోట జనానికి లోటుండదు. కోడలు వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది. ఈసారి ఏ మాట వినాలో అని ఎదురుచూసింది.

"పోయినవారం ఒకావిడ నవ్వు గురించి నేను నోరు పారేసుకున్నాను," అంది అత్తగారు. "ఆవిడ్ని మీరు తీసేశారు. ఆవిడ నా కోడలు."

టీవీలో మైకాయన పళ్ళు మూతపడ్డాయి.

"జీతమిచ్చి నవ్విస్తున్నారు. అందులో నాకు తప్పేం కనబడలేదు. మీ సీరియల్‌కి ఊరికే నవ్వమంటే ఎవరు నవ్వుతారు. నా కోడలు కష్టపడి నవ్వింది. ఆ కష్టం మీద నేను తిన్నాను. తెలియక అన్నాను. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను."

ఆ మనిషి బతుకులో మాట వెనక్కి తీసుకోవడం అదే మొదలు. మైకాయన తడబడి, అంటే మా సీరియల్ మీకు ఇప్పుడు నచ్చుతోందన్నమాట అన్నాడు.

"అది నేననలేదు," అంది.

వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది.

గుమ్మంలో జనం ఇప్పుడు టీవీని చూడడం లేదు, కోడలిని చూస్తున్నారు. ఏదీ ఒకసారి నవ్వి చూపించమ్మా అన్నాడు ఒకడు. డ్రైవరు లేచాడు. ఆ ఇంట్లో అతను స్వయంగా చేసిన పని అదొక్కటేనని చెప్పుకోవాలి. వెళ్ళి వాళ్ళ మొహాల మీద తలుపు వేశాడు. కోడలు అక్కడే, గోడకి ఆనుకుని ఉంది. ఆవిడ నా కోడలు... ఆ మాట ఆమె చెవుల్లో ఇంకా తిరుగుతోంది. ఈ ఇంట్లో ఏమే, ఒసే, ఎక్కడ చచ్చావ్ అని పిలిపించుకుంది గాని, పదిమందిలో ఆ మాట అనిపించుకోవడం ఇదే. టీవీలో సీరియల్ మొదలైంది. ఈల గొంతు పిల్ల నవ్వింది. ఎవరూ అందుకోలేదు. ఎప్పుడో పట్టి డబ్బాలో దాచిన పాత నవ్వులు తెచ్చి అతికించారు. ఆ నవ్వులు ఒకే చోట మొదలై ఒకే చోట ఆగుతున్నాయి. అత్తగారు విన్నది. ఆ రోజు ఆమె సీరియల్‌ని ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. సంగతి చెప్పాడు. ఆ పిల్ల నవ్వు ఎవరికీ అంటుకోవడం లేదని, కోడలిని మళ్ళీ పిలవమని నిన్న మధ్యాహ్నమే పెద్దసారు అన్నాడట. ఈ కబురు తేవాలని తను బయల్దేరుతుండగా టీవీలో ఈ ఫోను వచ్చింది. నవ్వులు కిరాయివని లోకానికంతటికీ తెలిసిపోయిందని పెద్దసారు నిప్పులు తొక్కుతున్నాడట. తెలియనిదెవరికో మాత్రం ఆయనా చెప్పలేదు.

 అత్తగారి తల కొంచెం వంగింది. ఒక్కరోజు నోరు మూసుకుని ఉంటే కోడలి పని కోడలికి దక్కేది. మంచి చెయ్యబోయి మళ్ళీ తనే తెంపింది.

ఒక దారి ఉంది పెద్దమ్మా, అన్నాడు మేస్త్రి, ఆమె మొహం చూడకుండా. వచ్చే గురువారం ఈమె మళ్ళీ ఫోను చెయ్యాలి. వయసు మీదపడి మతి నిలవక ఏదో వాగాను, నవ్వేవాళ్ళకి జీతాలేమీ లేవు, ఆవిడెవరో నాకు తెలీదు, నాకు కోడలే లేదు అని చెప్పాలి. చెబితే మొదటి కుర్చీ ఆ శనివారం నుంచి కోడలిదే. పెద్దసారు మాట ఇచ్చాడు. మేస్త్రి మంచివాడే. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయనకే నోట్లో ఇసుక పడ్డట్టుంది. చెప్పాడు. ఆయనకీ పిల్లలున్నారు.

కోడలికి ఆ కుర్చీ కావాలి. కావాలని ఆమె ఒళ్ళంతా కొట్టుకుంటోంది. ఆ చీకటి హాలు, ఆ వెలుగు తెర, తన వెనక పాతికమంది ఒక్కసారి అందుకునే ఆ హోరు... అడిగి తెచ్చుకోవడమే తరువాయి.

అత్తగారు కళ్ళు మూసుకుంది. సరే అంది. చెప్తానంది. మతిపోయిందాన్నని చెప్పుకుంటే నాకు పోయేదేముంది, ఈ వాటాల వాళ్ళు ముందునుంచీ అంటున్నదేగా అంది. వచ్చేవారం తడబడకుండా ఉండాలని, మిషను దగ్గర కొలతలు వల్లెవేసుకున్నట్టు, ఆ మాటలు నెమ్మదిగా పైకి అనుకుంది.

"ఆవిడెవరో నాకు తెలీదు. నాకు..."

అక్కడ ఆగింది. గొంతు సరిచేసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. నూనె లేని చక్రంలా ఆ మాట దగ్గరకొచ్చి పట్టేస్తోంది. మూడోసారి మొదలుపెట్టేలోపు కోడలు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చుంది.

"వద్దత్తయ్యా."

"నీ పనే అది. నేను పోగొట్టాను, నేనే తెస్తాను. లే."

"పని ఇంకోటి చూసుకుంటాను. మీరు ఒక్కసారి అన్నారు నన్ను కోడలని, అందరూ వింటుండగా. దాన్ని మాత్రం వెనక్కి తీసుకోవద్దు."

అత్తగారి చెయ్యి గాల్లో తడుముకుంది. కోడలి తల దొరికింది. దాని మీద ఆగింది. తన చేతులు గరుకువని, బట్టకి పోగులు లేస్తాయని, ఎవరినీ అలా తాకే అలవాటు ఆమెకి లేదు. ఆ పొద్దున తాకింది. పొర కమ్మిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. డ్రైవరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మేస్త్రి లేచాడు. పెద్దసారుకి ఏమని చెప్పను అని అడిగాడు. చూసేవాళ్ళు పోయారు, నవ్వేవాళ్ళూ పోతున్నారు, ఇక కుక్కని బాగా చూసుకోమను, అదీ పోతే ఆ ఇంట్లో మనుషులే మిగులుతారు అని చెప్పమంది అత్తగారు. మేస్త్రి ఆ మాట అక్కడ చెప్పి ఉండడు. మెట్లు దిగుతూ ఒక్కడే నవ్వుకున్నాడు.

కాసేపటికి అత్తగారు కొడుకుని పిలిచి, మిషను వెలుతురులోకి జరపమంది.

"రేపట్నుంచి నువ్వు దీని ముందు కూర్చో," అంది కోడలితో. "అబద్ధం ఆడావుగా కుట్టుపని చేస్తున్నానని, అది నిజం చెయ్యి. నా కళ్ళు పోయాయి గాని నోరు పోలేదు. పక్కన కూర్చుని చెప్తాను."

"మీరు చెబుతుంటే నేను కుట్టలేనత్తయ్యా."

"ఏం?"

"నవ్వొస్తుంది. కుట్టు వంకర పోతుంది."

అత్తగారు మిషను చక్రం ఒకసారి తిప్పి చూసింది.

"గుడ్డే కదా. విప్పి మళ్ళీ కుట్టుకుందాం," అంది. "రానీ."